బర్రెల కొట్టంలో నాటు పాట

పోయిన వారం మా బిడ్డ పాటలు రికార్డు చేసే మిక్సర్‌ను శుభ్రం చేయడానికి కూర్చుని, ఫేడర్లు అనే జారుడు మీటల వరుస కింద ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి అంటిస్తూ వచ్చిన తెల్ల టేపును ఒక్కసారే ఊడబెరికింది. రెండు మూరల పొడవుంది, అట్ట ముక్కలా మందంగా ఉంది. పారేయబోయి, ఎందుకో తెచ్చి నా చేతిలో పెట్టి పోయింది. కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే పై పొర మీద ఎవరెవరివో పేర్లు, వాయిద్యాల పేర్లు ఉన్నాయి. ఒక చివర పొరలు విడిపోయిన చోట, అడుగున, నా చేతిరాతలో ‘అక్క’ అని ఉంది. మొదటి అక్షరం పెద్దది, రెండోది దాని చాటున దాక్కున్నట్టు చిన్నది. నాకేమీ అనిపించలేదు. ఏమన్నా అనిపిస్తుందేమోనని కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేచాను.

అప్పటినుంచి మాత్రం ఆ రోజుల సంగతి ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలని ఉంది. నా ఈడు ఆడవాళ్లకు, అందులోనూ నాలాగే యాభై దాటాక అక్షరాలు దిద్దిన వాళ్లకు చెప్పుకుంటే, ఎక్కువ వివరించకుండానే తెలుస్తుందని నమ్మకం.

మాది మంఖాల్. అక్కను ఊళ్లోనే ఇచ్చారు, నన్ను శంషాబాద్ దగ్గర ఇచ్చారు. మా ఆయన తాపీ మేస్త్రీ. ఇంటి వెనక కొట్టంలో రెండు బర్రెలు ఉండేవి. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయి, రాళ్లు పాతి, ముళ్ల తీగ చుట్టేశాక వాటిని మేపడానికి జాగా లేక అమ్మేశాం. కొట్టం ఖాళీ అయిన ఏడే మా బిడ్డ పని చేస్తున్న రికార్డింగ్ స్టూడియో మూతపడింది. ఫంక్షన్ హాళ్లలో సౌండు పెట్టే పనితో మొదలుపెట్టి, పట్నంలో ఆ స్టూడియోలో చేరి పని నేర్చుకున్న పిల్ల అది. ఇప్పుడంతా కంప్యూటర్ల మీదే అవుతోంది, ఇంత పెద్ద సామాను ఎవరికి కావాలని ఆ యజమాని అంటే, నాకు కావాలని చెప్పి మిక్సర్‌ను ట్రాలీ ఆటోలో వేయించుకుని ఇంటికి తెచ్చింది. మంచమంత ఉంది. పదహారు వరుసల్లో పైనుంచి కిందిదాకా మీటలు, తిప్పే గుండీలు. నలుగురు మోసుకొస్తే కొట్టం గుమ్మంలో పట్టలేదు. మా ఆయన సుత్తె తెచ్చి దర్వాజా చౌకట్టు పగలగొట్టాడు. దాన్ని లోపల దించాక చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “పాలియ్యదు, పేడ పెట్టదు. కరెంటు మాత్రం బర్రె లెక్కనే మేస్తది” అన్నాడు.

అన్నాడే గాని ఆ గది కట్టింది ఆయనే. ఎయిర్‌పోర్టు దగ్గరే కాబట్టి, విమానాల మోత లోపలికి రాకూడదని బిడ్డ చెబితే, ఉన్న గోడకు జానెడు ఎడం ఇచ్చి ఇంకో గోడ లేపి, మధ్యలో ఇసుక పోశాడు. లోపలి గోడలకు మెత్తటివి కట్టాలంటే నేను బొంతలు కుట్టాను. పెళ్లినాటి నుంచి దాచిన పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, దారం ఎక్కించి, ఒక్కొక్కటి వేలెడు మందం వచ్చేదాకా కుట్టాను. ఆ గదిలో నిలబడి మాట్లాడితే మాట నోటి దగ్గరే ఆగిపోయేది. ఇంత చేసినా మిక్సర్ నెల రోజులపాటు గుర్రుమంటూనే ఉంది. ఎవరూ పాడకపోయినా హెడ్‌ఫోన్లలో తుమ్మెద తిరుగుతున్నట్టు ఉండేది. చివరికి ఎర్తింగు సరిగా లేదని తేలింది. మా ఆయన పెరట్లో నిలువెత్తు గుంట తవ్వి, రాగి రేకు దించి, ఉప్పూ బొగ్గులూ పోసి పూడ్చాడు. ఆ గుంట ఎప్పుడూ తడిగా ఉండాలట. రోజూ తెల్లారగానే ఒక బిందె నీళ్లు అందులో పోయడం నా పనైంది. తులసికోటకు పోసి, దానికి పోసేదాన్ని.

నాకు అక్షరాలు వచ్చిందీ ఆ గదిలోనే. ఏ వరుసలో ఎవరి గొంతు వస్తుందో, ఏ వాయిద్యం వస్తుందో గుర్తుకోసం ఫేడర్ల కింద తెల్ల టేపు అంటించి పేర్లు రాయాలి. బిడ్డ రెండు చేతులా వైర్లు పట్టుకుని ఉండేది కాబట్టి ఆ రాత పని నా మీద పడింది. ముందు తను కాగితం మీద రాసిచ్చేది, నేను బొమ్మ గీసినట్టు టేపు మీద దించేదాన్ని. నేను మొదట రాసిన మాట డప్పు. తర్వాత తాళాలు, తర్వాత హార్మోనియం. అది రాయడానికి ఒక పూట పట్టింది. ఏడాది తిరిగేసరికి కాగితం చూడకుండా రాసే స్థితికి వచ్చాను. తర్వాత బస్సుల మీది బోర్డులు, పాల ప్యాకెట్లు, ఒకటేమిటి, కంటికి ఆనిందల్లా చదివేదాన్ని. మా ఆయన విసుక్కునేవాడు.

మా మొదటి గిరాకీ ఉల్లిగడ్డల ఆటో ఆయన. మైకులో వేసుకోవడానికి తన కేకను రికార్డు చేయించుకున్నాడు. ఆ కేక ఇప్పటికీ మా వీధిలో తిరుగుతూనే ఉంది. తర్వాత భజన మండళ్ల వాళ్లు వచ్చారు. కోస్తా నుంచి వచ్చి బుద్వేల్‌లో ఇల్లు కట్టుకున్న ఒక టీచరమ్మ మంగళహారతులు పాడటానికి వచ్చేది. ఎంత ఇసుక పోసినా పెద్ద విమానం లేచినప్పుడు గోడలోంచి సన్నగా వణుకు వచ్చేది. అందుకని నేను పెరట్లో నిలబడి ఆకాశం వైపు చెవి పెట్టి, విమానం రాబోతోందంటే తలుపు సందులోంచి చెయ్యి ఊపేదాన్ని. దిగేదానికీ లేచేదానికీ తేడా నాకు చూడకుండానే తెలిసేది. టీచరమ్మ పాట మధ్యలో ఆగి, కళ్లు మూసుకుని, “వెళ్లిపోయిందా అండీ?” అని ఎంతో ఓపికగా అడిగేది. పోయిందంటే మళ్లీ అదే అక్షరం దగ్గర అందుకునేది.

ఇంతమంది గొంతులు ఆ గదిలో పట్టాము గాని, మా అక్క గొంతు పట్టలేదు. మంఖాల్ చుట్టుపక్కల నాట్లకు అక్కను పిలిచారంటే నాట్లు వేయడానికి కాదు, పాట ఎత్తడానికి. ఆమె గట్టు పక్క వరుసలో వంగి ఒక మాట ఎత్తేది, మిగతావాళ్లం అదే మాటను తిరిగి అనేవాళ్లం. నేను ఎప్పుడూ అవతలి చివర ఉండేదాన్ని. పెళ్లికి ముందు పదేళ్లు అలాగే గడిచాయి. స్టూడియో పెట్టిన కొత్తలోనే బిడ్డ అడిగింది, ఒక్కసారి వచ్చి పాడు పెద్దమ్మా అని. అక్క ఒప్పుకోలేదు. నాటు పాట పొడి కాళ్లతో పాడకూడదట. పాడితే ఆ ఏడు నారు ఎండుతుందని మా అమ్మ చెప్పేది, అక్క దాన్ని పట్టుకుంది. ఏ నారు ఎండుతుంది, ఊళ్లో సగం పొలాలే లేవు కదా అని నేనంటే, మిగతా సగం ఎండాల్నా అని అడిగింది.

అలా రెండేళ్లు గడిచాక అక్క గొంతులో గడ్డ తేలింది. చాలా నెలలుగా గరగర ఉంటే మిరియాల కషాయంతో సరిపెట్టుకుంది. దవాఖానలో చూసి, గొంతుపెట్టె మొత్తం తీసేయాలి, ప్రాణం దక్కుతుంది గాని మాట ఉండదు, ఇకమీదట మెడకు పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి అని చెప్పారు. అక్క ఆ మాట విని నాకు చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. “మాట తీసేస్తరట చెల్లె. ఇగ మా కోడలికి పండుగనే” అని నవ్వింది. ఆ కోడలు పక్కనే ఉంది. ఆమె ఏడ్చింది గాని నాకు కన్నీళ్లు రాలేదు.

ఇక అడగాల్సిన పని లేకపోయింది. అక్కే కబురు పెట్టింది, దవాఖానలో చేరే రోజే మధ్యాహ్నం వస్తానని. కాళ్ల సంగతి నేను చూస్తానని చెప్పి, పొలం మిగిలున్న వాళ్ల మడిలోంచి ఇనుప తట్టల్లో మట్టి తెప్పించి, పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో వేసి నీళ్లు పోసి తొక్కి బురద చేశాను. వైర్ల పక్కన నీళ్లేమిటని బిడ్డ పరేషాన్ అయింది. తొట్టి కింద చెక్క వేసి, వైర్లన్నీ పైనుంచి వేలాడదీసి, అక్కకు స్టూలు వేసింది. మైకు ముందు అక్క ఒక్కతే కూర్చుని పాడటం కుదరదు, ఎవరైనా అందుకోవాలి. ఆ పాటలు వచ్చినవాళ్లలో దగ్గర ఉన్నది నేనే. గది మధ్యలో నా బొంత ఒకటి తెరలా కట్టి, ఇటు అక్కకు ఒక మైకు, అటు మిక్సర్ దగ్గర నాకొక మైకు పెట్టింది. పాడేటప్పుడు అక్క తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి మైకు సర్దడానికి బిడ్డ అక్క పక్కన కూర్చోవాలి. మిక్సర్ నేను చూసుకోవాలి. చూసుకోవడమంటే పెద్ద పనేమీ లేదు, అన్నీ తను అమర్చి పెట్టింది. పక్కన రికార్డరు మీద దీపాలు ఆడుతూ ఉంటే సరేనన్నట్టు. “దేన్నీ ముట్టకమ్మా. ముట్టినవంటే మాత్రం నాకు చెప్పు” అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. ఆ మిక్సర్‌లో గొంతు మన చెవికి వచ్చే దారి వేరు, రికార్డరుకు పోయే దారి వేరు. ప్రతి వరుసలో ఫేడరు పక్కన చిన్న తెల్ల బటను ఉంటుంది. అది లోపలికి నొక్కి ఉంటేనే ఆ గొంతు రికార్డరుకు పోతుంది, ఇంకోసారి నొక్కుడు పడితే పైకి లేచిపోతుంది. నొక్కకపోయినా హెడ్‌ఫోన్లలో మాత్రం చక్కగా వినపడుతుంది.

అక్క వచ్చింది. మెడకు శాలువా చుట్టుకుంది. తెర అవతలికి పోబోతూ, కొత్త నాటుకు దిగేముందు గట్టు రాయికి బొట్టు పెట్టే అలవాటు కాబట్టి, ఈ మిక్సర్‌కు పెట్టవద్దా అని అడిగింది. కొంగున కట్టుకొచ్చిన పొట్లం విప్పింది. “నా జాగ ఏది?” అంది. నేను ఆమె పేరు రాసిన టేపు చూపించాను. అక్కకు చదువు రాదు, అయినా ఆ రెండు అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. వాటి పైన, ఫేడరు పక్కన పసుపు రాసి కుంకుమ పెట్టింది. వేళ్ల సందుల్లోంచి కుంకుమ పొడి ఆ వరుసంతా రాలింది. అప్పుడు బిడ్డ తెర అవతల తొట్టి సర్దుతోంది. ఫేడర్ల సందుల్లో దుమ్ము పడితే మీట బరబరమంటుందని ఆ పిల్ల ఎన్నోసార్లు అనగా విన్నాను. అక్క తెర దాటి పోగానే బొట్టు ఉంచి, రాలిన పొడిని కొంగుతో గట్టిగా తుడిచేశాను. బిడ్డకు చెప్పలేదు. చెప్పేంత సంగతి అనుకోలేదు.

అక్క బురదలో కాళ్లు పెట్టింది. మొదట దగ్గు వచ్చింది, వేడినీళ్లు తాగింది. తర్వాత ఎత్తింది. పై స్థాయి లేదు, అంచులు చిరిగిపోయాయి, కాని అది అక్క గొంతే. హెడ్‌ఫోన్లలో నా చెవి పక్కనే ఉన్నట్టు వచ్చింది. నేను అందుకున్నాను. నాట్లలో వంగినప్పుడు ఎవరి ముఖమూ కనపడదు, నీళ్లే కనపడతాయి. ఆ అలవాటు చొప్పున నా తల దానంతట అదే వంగింది, కళ్లు మూసుకుపోయాయి. ముప్పై ఏళ్లకు పైగా అయింది అలా పాడి. ఒక్క పాట అనుకున్నది నాలుగు పాడింది. చివరి పాటలో ఆఖరి మాటలు ఉత్త గాలిగా వచ్చాయి. ఎన్ని విమానాలు పోయాయో నాకు తెలియదు. రికార్డరు వైపు నేను ఒక్కసారి కూడా చూడలేదు.

“చాలు. అయిపోయింది” అంది అక్క. కాళ్లు కడిగాను. ఆమె కొడుకు ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు.

సాయంత్రం నేనూ బిడ్డా వినడానికి కూర్చున్నాం. ముందు చాలాసేపు నిశ్శబ్దం వచ్చింది. తర్వాత నా గొంతు ఒక మాట అంది. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ నా గొంతు. బిడ్డ శబ్దం పెంచింది. అప్పుడు ఆ నిశ్శబ్దంలో, నా మైకులోకి బొంత చాటునుంచి దూరిన అక్క గొంతు, నాలుగు మడుల అవతల ఎవరో పాడుతున్నట్టు లీలగా వినబడింది. ఇంకా పెంచితే దానితోపాటు విమానం మోత, నా ఊపిరి కూడా పెరిగాయి. బిడ్డ లేచి మిక్సర్ మీదికి వంగి చూసింది. అక్క వరుసలో తెల్ల బటను పైకి లేచి ఉంది.

“పొద్దున నేనే ఒత్తిన గదమ్మా” అంది.

“కుంకుమ రాలితే తుడిసిన బిడ్డా” అన్నాను.

అది నా కొంగు వైపు చూసింది. ఎర్రగా ఉంది. అక్కకు ఫోను చేయడానికని ఫోను తీసి, మళ్లీ పక్కన పెట్టింది. చేసి ఏం లాభం? గొంతు అయిపోవడం మేమిద్దరం విన్నాం. మిక్సర్ ఆపేసి, “సరే. పోయి తిను” అంది. నేను పోయి తిన్నాను. అన్నమూ పప్పూ, ఆ రోజు ఏం వండానో కూడా గుర్తుంది. ఏడుపు రాలేదు. తొట్టిలో బురద పారబోయలేదు. అది వారం రోజుల్లో ఎండి, పగుళ్లిచ్చి, ముక్కలు ముక్కలుగా విడిపోయింది. అప్పుడూ తియ్యలేదు, మా ఆయన తీశాడు.

నెల దాటాక అక్క వచ్చింది. మెడలో గొట్టం, దాని మీద పలచటి గుడ్డ. స్టూలు మీద కూర్చుని చెవులు చూపించింది, వింటానని. నేను ఆమె ముందు నిలబడి, బటను ఒత్తడం మరిచిపోయానని చెప్పాను. కుంకుమ మాట చెప్పలేదు. తను పెట్టిన బొట్టు వల్లే ఇలా అయిందని అక్కకు తెలియకూడదని నేనూ బిడ్డా ముందే అనుకున్నాం. అక్క బతికున్నన్నాళ్లూ చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు మీకే చెబుతున్నాను. అక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక పాటలో సగం దాకా విన్నది. తీసి బల్ల మీద పెట్టింది. నా ముఖం చూసింది. తిట్టడానికి గొంతు లేదు, రాసి చూపించడానికి అక్షరాలు లేవు. కోడలి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వానకాలమంతా రాలేదు. ఈలోపు బిడ్డ పట్టుదలగా కూర్చుని, అడుగున ఉన్న ఆ లీల గొంతును కొంచెం కొంచెంగా పైకి తెచ్చి, మోత తగ్గించి, ఒక వరసకు తెచ్చి పెట్టింది. చలికాలంలో అక్క మళ్లీ వచ్చినప్పుడు ఆశగా అది వినిపించింది. అక్క రెండు మాటలు విని తల అడ్డంగా ఊపింది. బిడ్డకు అర్థం కాలేదు. అక్క నా వైపు వేలు చూపించి, తర్వాత తన నోరు చూపించి, అరచెయ్యి బోర్లించి ఖాళీ అన్నట్టు తిప్పింది. మొదటిదే కావాలని సైగ, సరిచేయనిది, తన మాటల చోటు ఖాళీగా ఉన్నది.

పెట్టాం. హెడ్‌ఫోన్లు ఆమె చెవులకే ఉన్నాయి కాబట్టి గదిలో మాకేమీ వినపడలేదు. అక్క పెదవులు కదలడం మొదలైంది. ఒక మాట పూర్తిగా పలికి ఆగింది, తల కొంచెం పక్కకు వంచి విన్నది, నా గొంతు అందుకున్నట్టుంది, తల ఊపింది, మళ్లీ పెదవులు కదిలాయి. కాలు నేల మీద మెల్లగా పడుతోంది. నేను తెర పక్కన నిలబడి చూశాను. నాలుగు పాటలూ అలాగే పాడింది. మధ్యలో ఒక విమానం పోయింది, గోడ సన్నగా వణికింది. ఎవరమూ చెయ్యి ఊపలేదు. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి, ఒకచోట నేను మాట తప్పానని వేలు పెట్టి బెదిరించింది. నిజమే, మూడో పాటలో తప్పాను.

ఆ తర్వాత మూడేళ్లు బతికింది. ఒంట్లో బాగున్నప్పుడల్లా వచ్చి పాడిపోయేది. పోయినేడు ఎండాకాలంలో పోయింది.

ఇప్పుడు మంఖాల్ వైపు మిగిలిన నాలుగు మడుల్లో నాట్లు వేయడానికి ఎక్కడినుంచో మనుషులు వస్తున్నారు. వాళ్ల పాటలు వాళ్లకు ఉండే ఉంటాయి, పాడగా నేను వినలేదు. గట్టు మీద ఫోను మోగుతూ ఉంటుంది. మా గదికి వచ్చేవాళ్లు కూడా ఒక్కొక్కరుగానే వస్తున్నారు. డప్పు వాయించే ఆయన సోమవారం వచ్చి వాయించి పోతాడు, పాడే అమ్మాయి శుక్రవారం వస్తుంది. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పాట తయారవుతుంది. ఇదే మంచిదని మా బిడ్డ అంటుంది, ఒకరు తప్పు చేస్తే ఇంకొకరి కష్టం పాడు కాదని. కాదనడానికి నాకు నోరు లేదు. మా రోజుల్లో పాట ఎత్తిన మనిషి, మాట అన్నాక ఒక్క క్షణం ఆగి అవతలి వరుస వైపు చెవి పెట్టేది, అందుకుంటారో లేదోనని. ఇప్పుడు వచ్చేవాళ్లలోనూ అప్పుడప్పుడు ఎవరో ఒకరు, ఎందుకో తెలియకుండానే అలా ఆగుతారు. మా బిడ్డ ఆ ఖాళీని జాగ్రత్తగా చూసి కత్తిరించేస్తుంది. అది దాని పని.